పరిశోధన వల్ల సమాజానికి ప్రయోజనం ఉందని ఎలా చెప్పాలి?

ప్రశ్న: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేశాను. తాగునీటిలో ఫ్లోరైడ్‌ను తొలగించే కొత్త పదార్థంపై పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నాను. దీనివల్ల సమాజానికి ప్రయోజనమేమిటని ఇంటర్వ్యూలో అడిగితే, ఫ్లోరోసిస్ తగ్గుతుందని చెప్పాను. వారు తృప్తి పడలేదు. ఎలా చెప్పి ఉండాల్సింది?
– ఒక విద్యార్థిని, నల్లగొండ

జవాబు: మీరు ఎంచుకున్న సమస్య ఎంత తీవ్రమైనదో మీ జిల్లావారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే సమస్య పెద్దదైనంత మాత్రాన దానిపై జరిగే ప్రతి పరిశోధనా జనానికి అక్కరకు వస్తుందని అనుకోలేం. మీ ఫలితం ల్యాబ్ దాటాక ఎవరి చేతికి చేరుతుందన్నదే వారు అడిగిన ప్రశ్న.

మీ ఊరి పేరే పెట్టుకున్న నల్గొండ టెక్నిక్‌ను చూడండి. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన ఈ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ నీటిలో కలిపి, బాగా తేరనిచ్చి, అడుగున దిగిన మడ్డి కదలకుండా పైతేటను వంచుకోవాలి. ఖర్చు తక్కువే. కానీ నీటిలోని ఫ్లోరైడ్‌ను, క్షారతను బట్టి పటిక మోతాదు మార్చాలి, మడ్డిని ఎక్కడో పారబోయాలి, లెక్క తప్పితే నీటిలో అల్యూమినియం మిగిలిపోతుంది. తెల్లవారకముందే కూలికి బయలుదేరే ఇల్లాలికి రోజూ ఇదంతా సాధ్యమా అన్నది బీకరులో తేలే విషయం కాదు.

పైగా మిషన్ భగీరథతో కృష్ణా జలాలు ఇళ్లకు వచ్చాక అవసరమే మారింది. కనుక మీ ప్రాంతంలో ఇప్పటికీ బోరు నీళ్లే తాగుతున్నవారు ఎవరో, ఎందుకు తాగుతున్నారో ముందు వెళ్లి తెలుసుకోండి. డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ కలిపి చేసిన పరీక్షతో ఆగిపోకండి. అసలు బోరు నీటిలోని బైకార్బొనేట్ల వల్ల చాలా పదార్థాల సామర్థ్యం పడిపోతుంది. ఆ నీటిలో కూడా ఫ్లోరైడ్ తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాముకు, మరో నీటి వనరు లేనిచోట కనీసం 1.5కు దిగుతుందా, వాడేసిన పదార్థాన్ని ఎక్కడ పారవేయాలి అన్నవాటికి మీ ప్రతిపాదనలోనే జవాబుండాలి.

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే ఒక పత్రికలోని వ్యాసాలను ఇతర పరిశోధకులు సగటున ఎన్నిసార్లు ఉటంకించారన్న లెక్క, సమాజానికి కలిగే ప్రయోజనానికి కొలమానం కాదు. బ్రిటన్‌లో విశ్వవిద్యాలయాల పరిశోధనను మదింపు చేసిన ‘రెఫ్ 2021’లో అకడమిక్ రంగం వెలుపల కలిగిన ప్రభావానికే 25 శాతం వెయిటేజీ ఇచ్చారు, ఎవరికి ఏ మార్పు వచ్చిందో అక్కడ ఆధారాలతో చూపాలి.

ఇలాగని వెంటనే ఉపయోగం ఆశించకుండా విషయాన్ని తెలుసుకోవడానికే చేసే మౌలిక పరిశోధనను చిన్నచూపు చూడవద్దు. అడవి వరి నుంచి వచ్చిన ఒక జన్యువుపై ఏళ్ల తరబడి సాగిన అధ్యయనమే, హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంస్థల చేతుల్లో, ఎండాకు తెగులును తట్టుకునే మెరుగైన సాంబ మసూరికి దారి తీసింది. మీ అంశం అలాంటిదైతే ఆ మాటే నిజాయితీగా చెప్పవచ్చు. కానీ మీరు ఫ్లోరోసిస్ పేరు ఎత్తారు కనుక, వచ్చే ఇంటర్వ్యూకు ఏదో ఒక ఊరి బోరు నీటి పరీక్ష ఫలితాన్ని వెంట తీసుకెళ్లండి.