చేప నూనె మాత్రలతో మతిమరుపు తగ్గుతుందా?

ప్రశ్న: మా అమ్మగారికి 71 ఏళ్లు, శాకాహారి. ఈమధ్య పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోతున్నారు. చేప నూనె మాత్రలు వాడమని బంధువులు అంటున్నారు. అవిసె గింజల పొడి సరిపోతుందా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: నీటిని మినహాయిస్తే మెదడు బరువులో సగానికి పైగా కొవ్వు పదార్థాలే; వాటిలో డీహెచ్ఏ అనే ఒమేగా-3 ఆమ్లం నాడీకణాల పొరల్లో, ముఖ్యంగా అవి ఒకదానితో ఒకటి కలిసే చోట్ల, అధికంగా ఉంటుంది. కానాగంతలు, కవళ్లు వంటి చేపలలో ఇది నేరుగా లభిస్తుంది. అవిసె గింజలలో ఉండేది ఏఎల్ఏ అనే మరో రకం ఒమేగా-3 ఆమ్లం. శరీరం దానిలో చాలా స్వల్ప భాగాన్ని మాత్రమే డీహెచ్ఏగా మార్చుకోగలదు. శాకాహారులకు నాచు నుంచి తీసిన డీహెచ్ఏ దొరుకుతుంది.

అయితే డీహెచ్ఏ మెదడుకు అవసరమన్నంత మాత్రాన, మాత్ర మింగితే జ్ఞాపకశక్తి తిరిగి వస్తుందని అనుకోలేము. అమెరికాలో కంటి జబ్బు ఉన్న సుమారు 3,500 మంది వృద్ధులపై ఐదేళ్లు జరిపి, 2015లో ప్రచురించిన పరిశోధనలో ఒమేగా-3 మాత్రలు జ్ఞాపకశక్తి క్షీణతను తగ్గించలేదు. పైగా, సీసాపై 1000 మిల్లీగ్రాములని పెద్ద అక్షరాలలో ఉన్నా, వెనుక చిన్న అక్షరాలు చదివితే చాలా మాత్రలలో డీహెచ్ఏ 120 మిల్లీగ్రాములే కనిపిస్తుంది!

అవిసె పొడి మంచి ఆహారమే, మానిపించవద్దు. కానీ మీ అమ్మగారి విషయంలో ముందుగా బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. శాకాహారులలో బి12 లోపం తరచుగా కనిపిస్తుంది, దానివల్ల కలిగే మతిమరుపు సకాలంలో చికిత్సతో తగ్గవచ్చు. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే, వైద్యుణ్ణి అడగకుండా ఒమేగా-3 మాత్రలు మొదలుపెట్టవద్దు.