బృహద్ధమనికి అత్యవసర ఆపరేషన్ జరిగాక గుండె లయ ఎందుకు తప్పుతుంది?

కావలిలో ఉండే మీ నాన్నగారికి బృహద్ధమని (గుండె నుంచి ఒంటికంతా రక్తాన్ని తీసుకెళ్లే పెద్ద రక్తనాళం) లోపలి పొర చీలడంతో నెల్లూరులో అత్యవసరంగా ఆపరేషన్ చేశారని, మూడో రోజున గుండె లయ తప్పిందని రాశారు. ఆపరేషన్ విఫలమైందేమోనని కంగారు పడకండి. గుండె ఆపరేషన్ జరిగినవారిలో చాలామందికి గుండె పై గదులు ఇలా అదురుతాయి, అదీ ఎక్కువగా రెండు నుంచి నాలుగు రోజుల మధ్యే. కోత వల్ల వచ్చిన వాపు, పొటాషియం తగ్గడం వంటివి కారణాలు. మందులతో చాలావరకు కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

నా భయమంతా మరొకదాని గురించి. గుండె చుట్టూ ఉన్న సంచిలో రక్తమో నీరో చేరి గుండెను నొక్కేయవచ్చు. ఇంటికి వచ్చాక కూడా ఇది జరగవచ్చు. పడుకుంటే ఆయాసం, మెడ నరాలు ఉబ్బడం, బీపీ పడిపోవడం, కళ్లు తిరగడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఎకో (గుండెకు తీసే అల్ట్రాసౌండ్ స్కాన్) తీస్తే నిమిషాల్లో తెలిసిపోతుంది. చీలిక గుండె రక్తనాళాల దాకా పాకినా, కవాటం లీకైనా గుండె బలహీనపడుతుంది. అదీ ఎకోలోనే బయటపడుతుంది.

ఇక బీపీ. ఆపరేషన్‌లో మార్చింది సాధారణంగా బృహద్ధమనిలో గుండెకు దగ్గరున్న పై భాగాన్నే, కిందికి దిగే భాగంలో చీలిక మిగిలి ఉండవచ్చు. బీపీ పెరిగితే దానిపై ఒత్తిడి పడుతుంది. అందుకే బీపీ మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదు. ఎండుచేపలు, ఆవకాయ మాన్పించడం మన ఇళ్లలో కష్టమే, అయినా మాన్పించండి. డాక్టర్ చెప్పిన గడువుకు సీటీ స్కాన్ తీయించండి, బాగున్నారు కదా అని వాయిదా వేయవద్దు.