ముందు ఎస్‌ఎంపీఎస్, కార్డు సంగతి దాళ్వా కోతలయ్యాక

ప్రశ్న: మాది భీమవరం పక్క ఊరు. రొయ్యల మేత కంపెనీ ఆఫీసులో పని. జీతం చేతికి 27,000 వస్తుంది. ఇంట్లో 10,000 ఇస్తాను. లక్ష రూపాయల చీటీకి నెలకు 5,000 కడుతున్నాను. 20 నెలల్లో ఎనిమిది అయ్యాయి, ఇంకా పాడలేదు. పెట్రోలు, ఫోను, బయటి ఖర్చులు 6,000. బ్యాంకులో 38,000 ఉంది. నాన్నగారు రెండెకరాలు కౌలుకు చేస్తున్నారు, దాళ్వా (రెండో పంట వరి) పెట్టుబడికి ఒక్కోసారి నన్ను అడుగుతారు. 2018లో చదువుకునేటప్పుడు అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్ ఉంది: ఐ5-7400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల లోకల్ ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా). కొత్త గేములు ఆడట్లేదు. షాపులో ఆర్‌టీఎక్స్ 4060 కార్డుకి 30,500, మంచి 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కి 5,200 చెప్పారు. కార్డు 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోనా? చీటీ పాడేయనా? ఎస్‌ఎంపీఎస్ పాతదే సరిపోతుందని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. నాన్నగారేమో కరెంటు బిల్లు దండగంటున్నారు.

జవాబు: ధర రాసి జీతం దాచేవాళ్లే నాకు ఎక్కువగా రాస్తుంటారు. మీరు అన్నీ రాశారు కాబట్టి పని తేలికైంది.

ముందు నాన్నగారి అభ్యంతరం తేల్చేద్దాం. మీ పాత కార్డు గట్టిగా పనిచేసినప్పుడు 75 వాట్లు తింటుంది, 4060 అయితే 115. తేడా 40 వాట్లు. రోజూ మూడు గంటలు ఆడినా నెలకు 3.6 యూనిట్లు ఎక్కువ. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా 22 రూపాయలు, రెండు టీల ఖర్చు. ఇక గేములు దండగా కాదా అనే పంచాయితీలోకి నేను రాను. సంక్రాంతి మూడు రోజులూ బరుల దగ్గర చేతులు మారే డబ్బు చూసిన ప్రాంతం మనది. ఉద్యోగం చేసుకుంటూ ఇంట్లో కూర్చుని ఆడుకునే కుర్రాణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

మార్చాలన్న కోరికా న్యాయమైనదే. మీ కార్డు తరానికి కొత్త గేముల కోసం ఇచ్చే డ్రైవర్లను (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్‌ని) దాని తయారీ కంపెనీ ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది. 2028 అక్టోబరు దాకా భద్రతా అప్‌డేట్లు మాత్రం ఇస్తుంది. కార్డు పనిచేస్తూనే ఉంటుంది కానీ కొత్త గేములకు తగ్గట్టు ఇక మెరుగుపడదు.

మీ ఫ్రెండ్ మాట దగ్గరే నాకు భయం. ఈ సాయంత్రమే క్యాబినెట్ పక్క రేకు తీసి ఎస్‌ఎంపీఎస్ మీది స్టిక్కర్ చదవండి. 450 అన్న అంకె వదిలేయండి, 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూడండి. 16 ఉంటే పన్నెండు పదహార్లు 192. ప్రాసెసర్‌కీ కార్డుకీ నిజంగా అందేది ఆ 192 వాట్లే. 4060కి 115, ప్రాసెసర్‌కి 65, ఫ్యాన్లు, డిస్కులు, బోర్డు అన్నిటికీ కలిపి ఓ 60 వేసుకుంటే 240 అవుతుంది. పైగా 4060 కార్డులకు మామూలుగా 8 పిన్నుల వైరు కావాలి. లోకల్ వాటికి అది చాలాసార్లు ఉండదు. డిస్కుల వైరుకి కన్వర్టర్ తగిలించి నెట్టుకొస్తారు. ఆ వైరు ఆ బరువు కోసం చేసింది కాదు, వేడెక్కి కరుగుతుంది.

నా అనుభవం చెబుతాను. డబ్బు సలహాలిచ్చే మా ఆఫీసు కంప్యూటర్‌కి ఎస్‌ఎంపీఎస్ పోతే షాపతను "ఇదీ 450యే సార్" అంటూ తొమ్మిది వందలకు ఒకటి బిగించాడు. మంచిదానికి మూడు వేలన్నాడు, నేనే వద్దన్నాను. ఒక వేసవి సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. టప్‌మని చప్పుడు, కాలిన వాసన. బోర్డు పోయింది, డిస్క్ పోయింది, ఆ డిస్కులో ఇద్దరు క్లయింట్ల ఫైళ్లు పోయాయి. మర్నాడు వాళ్ల ఎదుట కూర్చుని, రిస్కుకి ముందే సిద్ధంగా ఉండాలండీ అని ఏ మొహంతో చెప్పను?

కాబట్టి ఎస్‌ఎంపీఎస్ ఇప్పుడే కొనండి, బ్యాంకులో ఉన్న డబ్బుతో. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు, ఐదేళ్ల వారంటీ ఉండాలి. మీ అవసరానికి 550 వాట్లు చాలు. 650కి తేడా ఐదారు వందలే అయితే అది తీసుకోండి, వెయ్యి దాటితే వద్దు. ఈ ఖర్చుకి నేను ఎందుకు ఒప్పుకుంటున్నానంటే, రేపు కంప్యూటర్ మొత్తం మార్చినా ఇది కొత్త క్యాబినెట్‌లోకి వెళ్తుంది. ఇంట్లో పాతకాలం స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ ఉంటే మాత్రం కంప్యూటర్‌ని దాని మీద పెట్టకండి. కొత్త రకం ఎస్‌ఎంపీఎస్‌లకు ఆ కరెంటు సరిపడకపోవచ్చు.

ఇక 4060. కార్డు మంచిదే, మీ కంప్యూటర్‌కి మాత్రం ఎక్కువ. ఐ5-7400లో నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్‌లే, అంటే ఒకేసారి నాలుగు పనులే చేయగలదు. కొత్త గేముల్లో కార్డు ఖాళీగా ఎదురుచూస్తుంటే ప్రాసెసర్ ఆయాసపడుతుంది, ఆట మధ్యమధ్యలో ఆగి ఆగి నడుస్తుంది. ఎనిమిది జీబీ ర్యామ్ దానికి తోడు. 4060 బోర్డుతో ఎనిమిది లేన్ల (డేటా దారుల) మీదే నడిచే కార్డు, మీ బోర్డుదేమో పాత తరం దారి, పీసీఐఈ 3, అక్కడా కొంత వేగం పోతుంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, మైక్రోసాఫ్ట్ చెప్పే విండోస్ 11 జాబితాలో మీ ప్రాసెసర్ లేదు. ఇంత వయసైన యంత్రంలో ముప్ఫై వేల కార్డంటే పాత డీజిల్ ఇంజనుకి కొత్త ఏరేటర్ల సెట్టు బిగించినట్టే. చెరువు గట్టున తిరిగేవాళ్లకు ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

నో కాస్ట్ ఈఎంఐని అందరూ మోసమంటారు, నేను అంత దూరం వెళ్లను. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తం షాపో కంపెనీయో డిస్కౌంట్‌గా తగ్గిస్తుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ మాత్రం మీదే. 16 శాతం వడ్డీ అనుకుంటే 12 నెలలకు దాదాపు 2,490 అవుతుంది, దాని మీద జీఎస్‌టీ 450. ప్రాసెసింగ్ ఫీజు మరో మూడు వందల యాభై. అంటే ఎనిమిది వందలు. అదేమంత పెద్ద దెబ్బ కాదు. నగదు ఇస్తే షాపతను ఎంత తగ్గిస్తాడో అడగండి, అది ఈ ఎనిమిది వందలకు అదనం. అసలు దెబ్బ వేరే ఉంది. నెలకు మీకు మిగిలేది ఆరు వేలు, అందులో 2,542 ఏడాది పాటు కట్టుబడిపోతుంది. ఒక్క నెల క్రెడిట్ కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోయారా, నెలకు మూడున్నర శాతం వడ్డీ, కొన్నిటికి ఇంకా ఎక్కువే పడొచ్చు. మూడున్నరంటే ఏడాదికి 42.

చీటీ జోలికి అసలు పోవద్దు. ముప్ఫై వేల అవసరానికి లక్ష చీటీ పాడితే, పోటీని బట్టి పదో పదిహేనో వేలు వదులుకోవాలి. మిగతా డబ్బు చేతిలో ఉంటే అది చేతిలో ఉండదని మీకూ తెలుసు. చీటీ దేనికోసమో మీరు రాయలేదు. నాన్నగారి మనసులో మాత్రం ఒక లెక్క ఉండే ఉంటుంది, కనుక్కోండి. ఆయన లెక్కలో అది లేకపోతే, ఇంకో పన్నెండు నెలలు కట్టి చివర్లో తీసుకునే చీటీలోంచి కొత్త కంప్యూటర్ మొత్తం నగదుకే వస్తుంది.

మీ ఉత్తరంలో లేనిది ఒకటి ఉంది. మీ జీతం రొయ్య మీద ఆధారపడింది. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు చెరువుల దగ్గర కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలనే లెక్క) ధరలు ఏమయ్యాయో, మేత ఆర్డర్లు ఏమయ్యాయో మీరు ఆఫీసులో కూర్చుని చూశారు. అదే ఏడాది అక్టోబరులో మొంథా తుపాను నరసాపురం పరిసరాల్లో తీరం దాటింది, మీ నాన్నగారి లాంటి కౌలు రైతుల సార్వా (తొలి పంట) చేలు ఏమయ్యాయో కూడా చూశారు. మీ నెల ఖర్చు చీటీతో కలిపి 21,000. బ్యాంకులో ఉన్న 38,000 రెండు నెలలకు కూడా రాదు. రొయ్య పడినా, వరి పడినా దెబ్బ తగిలేది ఆ ఒక్క ఖాతాకే. అందుకే అందులోంచి ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే కొనమన్నాను.

కార్డుకి నెలకు 3,500 వేరే ఖాతాలో వేయండి, మిగిలిన 2,500 బ్యాంకు నిల్వకి చేర్చండి. నాలుగు నెలల్లో 14,000 అవుతుంది, ఈలోగా దాళ్వా కోతలు కూడా అయిపోతాయి, నాన్నగారి పెట్టుబడి గొడవా తీరుతుంది. పాత 1050 టీఐ అమ్మితే ఎంతొస్తే అంత కలుపుకోండి, కానీ 15,000 దాటొద్దు. ఆ డబ్బుతో సెకండ్‌హ్యాండ్‌లో ఆర్‌ఎక్స్ 6600 కార్డు కోసం వెతకండి. 8 జీబీ, 132 వాట్లు, మీ ప్రాసెసర్‌కి సరైన జోడీ. కొత్తదే కావాలంటే ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీది ఉంది, 70 వాట్లే, చాలా మోడళ్లకు వేరే వైరు కూడా అక్కర్లేదు. అయితే అది 6600 కంటే నెమ్మది. అదే 3050 పేరుతో 130 వాట్ల 8 జీబీది కూడా ఉంది కాబట్టి డబ్బా మీద జాగ్రత్తగా చదవండి. ర్యామ్ ధరలు 2025 చివర్లో బాగా పెరిగాయి. ఇంకో 8 జీబీ స్టిక్ కూడా కంప్యూటర్ మార్చుకుంటున్న వాళ్ల దగ్గర వాడినదే చూడండి.

పాత కార్డు కొనేటప్పుడు అరగంట గేమ్ ఆడించి చూడందే డబ్బివ్వకండి. అసలు బిల్లు, సీరియల్ నంబరు అడగండి. క్రిప్టో మైనింగ్‌లో రాత్రింబవళ్లు నడిచిన కార్డులు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. సముద్రం దగ్గరి ఊళ్లలో వాడిందైతే బ్రాకెట్టు, స్క్రూలు చూడండి, తుప్పు కనబడితే లోపలా ఉన్నట్టే. ఎస్‌ఎంపీఎస్ తెచ్చిన రోజున బిగించే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, ఆ ప్లగ్గుకి ఎర్తింగ్ ఉందో లేదో ఒకసారి చూపించండి.