ముఖం గుర్తుపట్టని మెషిన్

ప్రశ్న: అక్కా, మాది రాయగడ, ఉద్యోగం భువనేశ్వర్‌లో. ఆఫీసు గుమ్మంలో ముఖం చూసి హాజరు వేసే మెషిన్ నన్ను రోజూ మూడుసార్లు నిలబెడుతుంది, వెనక లైన్లోవాళ్లు ‘పౌడర్ రాసుకురా’ అని నవ్వుతారు. లోపం నా రంగులోనేనా?

జవాబు: నీ రంగులో ఏ లోపమూ లేదమ్మా. 2018లో జాయ్ బువోలమ్‌విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకురాళ్లు, ముఖం చూసి ఆడో మగో చెప్పే మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లను పరీక్షిస్తే, తెల్లటి మగవాళ్ల దగ్గర తప్పులు 0.8 శాతం దాటలేదు, నల్లటి ఆడవాళ్ల దగ్గర ఒకదాంట్లో 34.7 శాతం దాకా వచ్చాయి. తెల్లవాళ్ల ఫొటోలే ఎక్కువగా చూపించి నేర్పితే ఇలాగే అవుతుంది. మెషిన్ తిప్పి పంపిన ప్రతిసారీ తేదీ, టైమ్ రాసుకుని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టు, కార్డుతో హాజరు వేయమని అడుగు. పౌడర్ మాట కూడా అందులో రాయి, అది మెషిన్ అన్నది కాదు కదా, మనుషులన్నది.