ఎర్తు తీగ గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి కావలి నుంచి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఒంగోలులో మీ మేడగదిలో నువ్వు గాజు వాల్వుతో పనిచేసే మైకు తయారుచేస్తున్నావనీ, దాని పవర్ సప్లై డబ్బా కూడా స్వయంగా కడుతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు ఎంతో గర్వపడ్డాను. ఫోను పెట్టేశాక మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా కొట్టులో కూర్చుని రెసిస్టర్ల మీది రంగుపట్టీలు చదవడం నేర్చుకున్న పిల్ల 120 వోల్టుల డీసీ దగ్గర చెయ్యి పెడుతున్నదంటే మామయ్యకు దిగులు ఉండదా!

ఫ్యూజు ఫేజు తీగలోనే ఉండాలి, స్విచ్చు రెండు తీగలనూ తెంపేదై ఉండాలి. ఇవి నీకు తెలిసినవే.

ఎర్తు సంగతి మాత్రం నిదానంగా చదువు. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను పొడవుగా ఉండేది అది అందరికంటే ముందు తగిలి, అందరికంటే చివర ఊడాలనే. డబ్బా లోపల కూడా పచ్చ పసుపు చారల తీగను మిగతా రెండింటికంటే కాస్త పొడవుగా వదిలితే, ఎవరైనా వైరు గుంజినా అదే ఆఖరున తెగుతుంది. దానికి విడిగా ఒక బోల్టు కేటాయించి, అక్కడి రంగు ఇనుము మెరిసేదాకా గీకి, పళ్ల వాషరు వేసి రెండు నట్లు బిగించు. ట్రాన్స్‌ఫార్మరు బోల్టుకే తగిలించి పని కానిచ్చేయవద్దు. తరువాత ప్లగ్గు ఎర్తు పిన్నుకూ డబ్బాకూ మధ్య మీటరు పెడితే ఓములో ఏ పదో వంతో చూపాలి. మీ ఇంటి ఎర్తు గొయ్యిలో ఉప్పూ బొగ్గూ వేసి ఎన్నేళ్లయిందో కనుక్కో. వేసవిలో దానికి అప్పుడప్పుడూ రెండు బిందెల నీళ్లు పోయించు.

ఇదంతా ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానంటే, ఇరవై నాలుగేళ్ల వయసులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. శ్రీరామనవమి పందిట్లో ఆంప్లిఫయరుకు ఒక ఇంటి నుంచి, టేపు డెక్కుకు మరో ఇంటి నుంచి కరెంటు తీసుకున్నాను. రెండు ఎర్తుల మధ్య కరెంటు చుట్టి తిరిగే దారి, అంటే లూపు ఏర్పడి స్పీకర్లు గుర్రుమంటుంటే, నేను ఆంప్లిఫయరు ప్లగ్గు విప్పి ఎర్తు తీగను కత్తిరించేశాను. హమ్మింగ్ ఠక్కున ఆగిపోయింది. పెద్దలంతా మెచ్చుకున్నారు, నేను మురిసిపోయాను, ఆ తీగను మళ్లీ కలపలేదు. రెండు వారాల తరువాత వేరే ఊళ్లో మీ తాతయ్య పద్యాలు పాడుతున్నారు. ఆంప్లిఫయరు వెనక రంధ్రంలోని రబ్బరు బుష్షు ఎండి రాలిపోయి, రేకు అంచు ఒరుసుకుని ఫేజు తీగ తొడుగు చిరిగి ఉన్నదని నాకు తెలియదు. ఎర్తు ఉంటే ఆ క్షణమే ఫ్యూజు పోయేది. అది లేక ఆ కరెంటు డబ్బాకూ, అక్కడి నుంచి మైకు వైరు చుట్టూ అల్లిన లోహపు జాలీ గుండా మైకు ఒంటికీ పాకింది. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లిన నేల మీద ఆయన వట్టి కాళ్లతో నిలబడి మైకు పట్టుకున్నారు. పద్యం మధ్యలో తెగింది. పట్టుకున్న చెయ్యి తెరుచుకోలేదు. పక్కనున్న కుర్రవాడెవరో మెయిను లాగేయబట్టి బతికిపోయారు. ఆయన బొటనవేలి మొదట్లో నాణెమంత మచ్చ ఉండేది, నీకు గుర్తుందా? నువ్వు అడిగినప్పుడల్లా ప్రమిద కాలిందని చెప్పేవారు. నేను ఎదురుగా ఉండగానే చెప్పేవారు.

అందుచేత హమ్మింగ్ వస్తే ప్లగ్గు జోలికి వెళ్లకు, దాన్ని లోపలి తీగల్లో వెతుకు. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు తరువాతి మొదటి కండెన్సరు సెకనుకు 100 సార్లు కరెంటును గుటకలు గుటకలుగా మింగుతుంది కాబట్టి, దాని నెగెటివు ఒక పొట్టి తీగతో నేరుగా రెక్టిఫయరుకే చేరాలి. ఆడియో జీరోను, అంటే పాట సిగ్నలు తిరిగి చేరే తీగను, ఆఖరి కండెన్సరు దగ్గర తీసుకుని, అవుట్‌పుట్ సాకెట్టు పక్కన ఒక్కచోట మాత్రమే డబ్బాకు కలుపు. నువ్వు వాడుతున్నది ఈఎఫ్86 వాల్వు అని మీ అమ్మ కాగితం చూసి చదివింది. దాన్ని లోపల వేడిచేసే హీటరు 200 మిల్లీ యాంపియర్లు లాగుతుంది. పాట కరెంటు నడిచే ప్లేటు తీసుకునేది మహా అయితే ఒకటో రెండో. ఆ రెండింటినీ ఒకే తీగలో వెనక్కి పంపితే హీటరు సప్లైలో మిగిలిన కాస్త గుర్రు కూడా పాటలోకి ఎక్కుతుంది. మైకు కేబులులో హీటరు రిటర్నుకు విడి తీగ ఇచ్చి, డబ్బాలోనే జీరోతో కలుపు. మిక్సరుతో లూపు పడితే అవుట్‌పుట్ వైరు జాలీని మిక్సరు వైపు ఊడదీసి చూడు. మైకుకూ డబ్బాకూ మధ్యనున్న కేబులు జాలీని మాత్రం ఎన్నడూ తెంపవద్దు తల్లీ, మైకు ఒంటికి ఉన్న ఎర్తు అదొక్కటే.

కండెన్సరు మీద 220 కిలో ఓముల రెసిస్టరు వెయ్యి. 47 మైక్రోఫారడ్లయితే నిమిషంలో ఖాళీ అవుతుంది. అయినా మీటరు పెట్టి చూడనిదే ముట్టుకోకు. రబ్బరు చెప్పులు వేసుకో, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకో. నవ్వుతావని తెలుసు, నవ్వినా సరే వేసుకో.

తీగలన్నీ అతికాక ఫోను చెయ్యి. పినాకిని ఎక్కి వస్తాను, మొదటిసారి ప్లగ్గు నేనే పెడతాను. ఈ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించకు. ఆమెకూ ప్రమిద సంగతే తెలుసు.

మీ మామయ్య