పుస్తకాలు సర్దుకుంటున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. ఇల్లు మారుతున్నావు, కొత్త గది చిన్నది, ఉన్న నాలుగు వందల పుస్తకాల్లో చదివేసినవన్నీ ఎవరికైనా ఇచ్చేద్దామా అని అడిగావు. "చదివేశాక వాటితో ఇంక పనేముంది?" అని నీ స్నేహితుడు అన్న మాట నీ మనసులో బాగానే నాటుకున్నట్టుంది. చదివి ఆనందించేవాళ్ల విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. రాసేవాళ్ల విషయంలో నేను ఒప్పుకోను. చదవడం అయిపోయాకే మనకు అసలు పని మొదలవుతుంది.

నవల మొదటిసారి చదివేటప్పుడు తర్వాత ఏం జరుగుతుందోనన్న ఆత్రంలో పేజీలు తిప్పేస్తాం. తండ్రి చనిపోయాడన్న సంగతి రచయిత ఎక్కడ చెప్పాడు, ఎవరి నోట చెప్పించాడు, అంతకుముందు పేజీలో వాళ్లు దేని గురించి మాట్లాడుకుంటున్నారు? ఇవేవీ అప్పుడు కంటికి ఆనవు. కథ తెలిసిపోయాకే కనబడతాయి. రాస్తూ రాస్తూ ఒక సన్నివేశం దగ్గర చెయ్యి ఆగిపోతే నేను లేచి వెళ్లి తీసే పుస్తకాలు మహా అయితే పాతిక ముప్ఫై ఉంటాయి. ఒకటి సంభాషణల కోసం. ఒకటి కేవలం మొదటి పేరా కోసం. ఇంకొకదాంట్లో ఒక ముసలావిడ తన గది తలుపు దగ్గరగా వేసుకునే వాక్యం ఉంది, ఆ ఒక్క వాక్యం కోసం. చేతిలోకి తీసుకోగానే ఆ పుస్తకం అదే పేజీ దగ్గర తెరుచుకుంటుంది. అన్నిసార్లు అక్కడే తెరవడంతో బైండింగ్ ఆ చోట వదులైపోయింది. నీ దగ్గర అలాంటివి ఏవున్నాయో ముందు వాటిని పక్కన పెట్టు. అవి ఎంత చిన్న గదిలోనైనా పడతాయి.

వాటితో పాటు నీకు నచ్చని పుస్తకం ఒకటో రెండో ఉంచుకో. ఎక్కడ చెడిందో నువ్వు వేలు పెట్టి చూపించగలిగేది అయి ఉండాలి.

ముప్ఫై ఏళ్ల కిందట నేనూ ఇల్లు మారుతూ ఒకే సాయంత్రం రెండు పెట్టెల పుస్తకాలు ఇచ్చేశాను. అందులో ఒక కథల సంపుటి ఉంది. నా మొదటి కథ రాస్తున్న రోజుల్లో దాన్ని చేతిలో పెన్సిల్ పట్టుకుని చదివాను. నచ్చిన వాక్యం కింద గీత, ఒప్పుకోని చోట మార్జిన్‌లో ప్రశ్న గుర్తు. ఒక కథ చివర "ఇంకో పేరా ముందే ఆపేసి ఉంటే?" అని రాసుకున్నాను. రెండేళ్ల తర్వాత అవసరమై అదే పుస్తకం కొత్త ప్రతి కొన్నాను. అవే కథలు, అవే వాక్యాలు. కానీ ఇరవై రెండేళ్ల వయసులో నేను దేన్ని చూసి ఆశ్చర్యపోయానో, దేనితో పేచీ పెట్టుకున్నానో చెప్పే ఆనవాలు ఒక్కటీ లేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

అందుకే ఇచ్చేముందు ప్రతి పుస్తకాన్నీ ఒకసారి తిరగేసి చూడు. 16వ శతాబ్దపు ఫ్రెంచి రచయిత మాంటేన్ తనకు జ్ఞాపకశక్తి బొత్తిగా లేదని తానే రాసుకున్నాడు. ఎప్పుడో శ్రద్ధగా చదివి, అంచుల్లో రాతలు కూడా రాసుకున్న పుస్తకాన్నే కొత్తదనుకుని మళ్లీ మొదలుపెట్టేవాడట. దానికి విరుగుడుగా, పుస్తకం పూర్తవగానే చివర్లో తేదీ వేసి, మొత్తం మీద దాని గురించి తనకేమనిపించిందో రాసిపెట్టుకునే అలవాటు చేసుకున్నాడు. నువ్వు ఆ పని పుస్తకంలో కాకుండా నోట్‌బుక్‌లో చెయ్యి. అప్పుడు పుస్తకం వెళ్లిపోయినా నీ చదువు నీ దగ్గరే ఉంటుంది. గీతలు గీసిన వాక్యాల్ని కూడా అందులోకి ఎక్కించుకో. ఫోన్‌తో ఫోటో తీసుకుంటే సరిపోదా అంటావేమో. ఫోటో దాచిపెట్టడానికి సరిపోతుంది. వాక్యంలో కర్త అంత ఆలస్యంగా ఎందుకు వచ్చిందో, ఆ చిన్న మాట అక్కడే ఎందుకు పడిందో మాత్రం చేత్తో రాస్తుంటేనే తెలుస్తుంది.

ఇంకో సంగతి చూడు. మళ్లీ కావాలంటే దొరికేదేనా? ఎప్పుడూ అచ్చులో ఉండే పేరున్న పుస్తకాల్ని నిశ్చింతగా ఇచ్చేయ్. ఒకే ముద్రణతో ఆగిపోయిన చిన్న పుస్తకం, అంతగా పేరు రాని రచయిత మొదటి పుస్తకం అయితే తొందరపడకు. ఈ-బుక్కులకు మారిపోతే ఈ గొడవే ఉండదని రాశావు. చాలా ఈ-బుక్కుల్లో మనం కొనేది చదువుకునే అనుమతి మాత్రమే, చదివాక ఇంకొకరి చేతిలో పెట్టడానికి సాధారణంగా వీలుండదు. నాకది పెద్ద లోటుగానే అనిపిస్తుంది.

ఇదంతా చదివి అన్నీ దాచేసుకోకు. దాచుకోవడం పేరుతో నేను చేసిన తప్పు కూడా చెప్తాను. ఒక పెట్టె కట్టి అటక మీద పెట్టి పదేళ్లు మర్చిపోయాను. విప్పి పైనున్న పుస్తకం తెరిస్తే పేజీ మూల ఎండుటాకులా విరిగి వేళ్ల మధ్యకు వచ్చింది. చవక కాగితంలో ఉండే ఆమ్లం ఏళ్లు గడిచేకొద్దీ దాన్ని అలా తినేస్తుంది. వెన్ను దగ్గర నుంచి వెండి రంగు పురుగొకటి సర్రున పాకి అట్ట కిందకి దూరింది. బైండింగ్‌కి వాడే జిగురూ, కాగితమూ వాటికి ఆహారం. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో మూడోది, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉంటాడన్నది, ఆ పెట్టె ముందు కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది. ఆ పదేళ్లలో ఆ పుస్తకాల పాఠకులు ఎక్కడో ఉండే ఉంటారు. వాళ్లకు అందకుండా అడ్డం పడింది నేనే.

ఇచ్చేటప్పుడు గుట్టగా పోసి ఇవ్వకు. చదువుతున్నప్పుడు నీకెవరు గుర్తొచ్చారో వాళ్లకే ఇవ్వు. లైబ్రరీకి ఇవ్వాలనుకుంటే ముందు వెళ్లి ఏవి కావాలో అడుగు. కాలం చెల్లిన వైద్యం పుస్తకాలు, చట్టాల పుస్తకాలు, పాత ఎడిషన్ పాఠ్యపుస్తకాలు వాళ్లకు బరువే తప్ప ఉపయోగం ఉండదు. అరువు మాత్రం ఇవ్వకు. "పరహస్తం గతం గతః" అని పుస్తకాల గురించి పెద్దలు ఊరికే అనలేదు. ఎప్పుడు తిరిగిస్తారోనని నీకు టెన్షన్, ఇంకా ఇవ్వలేదేనని వాళ్లకు మొహమాటం. ఇస్తే ఇచ్చేశాననే అనుకో.

రచయితలు నీ పేరు రాసి సంతకం పెట్టి ఇచ్చినవాటిని ఏం చెయ్యాలో తెలియడం లేదన్నావు. కొన్నేళ్ల కిందట ఒక పాత పుస్తకాల షాపులో నా రెండో పుస్తకం కనబడింది. మొదటి పేజీలో నా దస్తూరీ, నేను ప్రేమగా రాసిన ఒక మిత్రుడి పేరు. గుండె చివుక్కుమంది. లోపల తిరగేశాను. మధ్యలో ఒక పేజీలో పెన్సిల్ గీత ఉంది, అది మా మిత్రుడిదే. దాని పక్కనే ఇంకెవరిదో నీలం సిరా. నేను ఎంతో ఇష్టపడి రాసుకున్న వాక్యం ఎదురుగా "ఈ మనిషి ఇలా మాట్లాడదు" అని రాసి ఉంది. అక్కడే నిలబడి ఆ పేజీ మళ్లీ చదివాను. ఆ చదివినవాళ్లు చెప్పింది నిజం. నిజంగానే ఆవిడ అలా మాట్లాడదు.

కొనుక్కుందామని జేబులో చెయ్యి పెట్టాను కూడా. మళ్లీ ఆగి, అట్ట కనబడేలా తిప్పి, ఉన్నచోటే పెట్టి వచ్చేశాను.

ఆశీస్సులతో,
అన్నయ్య