పది నంబర్ల 'సిస్టమ్'తో లాటరీ టికెట్లు కొంటే గెలిచే అవకాశం నిజంగా పెరుగుతుందా?

పెరుగుతుంది, కానీ మీరు ఎన్ని టికెట్లు కొంటే సరిగ్గా అన్ని రెట్లే. సిస్టమ్ వల్ల అదనంగా ఒక్క రవ్వ కూడా కలవదు.

49 నంబర్లలోంచి 6 తీసే లాటరీలో 1,39,83,816 రకాల కలయికలు వస్తాయి. ప్రతిదానికీ సమాన అవకాశమే. మీకు నచ్చిన 10 నంబర్లను ఆరేసి చొప్పున అన్ని రకాలుగా కలిపే సిస్టమ్ అంటే 210 టికెట్లు. ఏదో లెక్కతో ఎంచినా, కళ్లు మూసుకుని వేర్వేరు 210 టికెట్లు కొన్నా జాక్‌పాట్ అవకాశం ఒకటే: సుమారు 66,590లో ఒకటి. డబ్బు మాత్రం 210 టికెట్లకూ కట్టాలి.

విశాఖ ఆర్కే బీచ్ దగ్గర మొదలుపెట్టి భీమిలి వైపు 28 కిలోమీటర్ల గీత గీశామనుకోండి. అందులో ఎక్కడో 2 మిల్లీమీటర్ల చోట బహుమతి ఉంది. ఒక టికెట్‌తో మీరు వెతికేది ఆ 2 మిల్లీమీటర్లే. సిస్టమ్ మొత్తం కొంటే 42 సెంటీమీటర్లు, అంటే మూరెడు కూడా కాదు!

చాలామంది పొరబడేది ఇక్కడే: '17 చాలా రోజులుగా రాలేదు, ఈసారి తప్పకుండా వస్తుంది' అనుకుంటారు. డ్రాలో తీసే నంబర్ల బంతులకు పాత డ్రాలు గుర్తుండవు. 1, 2, 3, 4, 5, 6 అనే వరుసకు కూడా మిగతా వాటికున్నంత అవకాశమే ఉంది. నంబర్ల ఎంపిక వల్ల మారేది ఒక్కటే: ఎక్కువమంది పుట్టినరోజులు చూసి 31లోపు నంబర్లు పెడతారు కాబట్టి, అవి తగిలితే బహుమతిని ఎక్కువమందితో పంచుకోవాల్సి రావచ్చు. అన్నట్టు, ఆంధ్రప్రదేశ్‌లో లాటరీ టికెట్ల అమ్మకం నిషేధం. 'గెలిపించే ఫార్ములా' అని ఎవరైనా డబ్బు అడిగితే దయచేసి ఇవ్వకండి.